సీఎస్‌ఈ చదవాలంటే పదో తరగతి తర్వాత ఏ గ్రూపు?

హైదరాబాద్‌లో పదో తరగతి అయిపోయి, ఇంజినీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునే పిల్లలు ఏ గ్రూపు తీసుకోవాలి అని అడిగారు. ఎంపీసీ తీసుకోండి. టీజీ ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్‌లో 160 ప్రశ్నలుంటే అందులో 80 లెక్కలవే, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరో 40. జేఈఈ మెయిన్ బీటెక్ పేపర్‌లో ఉండేవీ ఈ మూడు సబ్జెక్టులే.

కానీ లెక్కలను ర్యాంకు కోసమే చదవకండి. పర్ముటేషన్స్ చాప్టర్‌నే చూడండి. నాలుగంకెల పిన్‌కు 10,000 అవకాశాలున్నాయి, ఇంకో అంకె కలిపితే లక్ష అవుతాయి. అన్ని అవకాశాలనూ ఒక్కొక్కటిగా చూసే ప్రోగ్రామ్ ఎంత సేపు నడుస్తుందో అంచనా వేసేటప్పుడు ఇదే లెక్క పనికొస్తుంది. ఫోన్‌లోని ఫొటో కూడా అంకెల మాత్రికే, అంటే అడ్డం నిలువు వరుసల్లో పేర్చిన అంకెల పట్టికే. మ్యాథమెటికల్ ఇండక్షన్‌ను చాలామంది సూత్రంలా బట్టీ పడతారు, అది నాకు నిజంగా బాధనిపిస్తుంది. ఒక అల్గారిథమ్, అంటే ప్రోగ్రామ్ వెనకున్న పద్ధతి, ప్రతిసారీ సరిగ్గా పనిచేస్తుందని నిరూపించేది దానితోనే.

ఇంటర్‌లో కంప్యూటర్ సబ్జెక్టు లేదని టెన్షన్ పడొద్దు. బీటెక్‌లో కోడింగ్ మొదటి నుంచే నేర్పుతారు. సీబీఎస్‌ఈలో ఉన్నవాళ్లు మాత్రం కంప్యూటర్ సైన్స్ ఐచ్ఛికం దొరికితే వదలకండి, అందులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటుంది. ఇంగ్లిష్‌నూ చిన్నచూపు చూడకండి.

ఎంపీసీ వద్దనుకుంటే పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరి, తర్వాత డిప్లొమా వాళ్లు రాసే ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లవచ్చు.