టీడీఆర్ చూపించే దూరాన్ని వెంటనే నమ్మకు

తమ్ముడూ,

టవర్ మీద యాంటెన్నాకి వెళ్లే ఫీడర్ కేబుల్ పోయిందా, కనెక్టర్ పోయిందా తేల్చుకోలేక కేబుల్ మొత్తం మార్చేద్దామంటున్నావు. వద్దు, టీడీఆర్ (కేబుల్లోకి పల్స్ పంపి, తేడా ఉన్న చోటు నుంచి తిరిగొచ్చే ఎకోని చూపించే మీటర్) చేతిలో ఉండగా ఆ ఖర్చు అనవసరం.

ముందు ట్రాన్స్‌మిటర్ ఆపించు, పైన పక్క యాంటెన్నాలు నడుస్తుంటే వాటి పవర్ కూడా మన కేబుల్లోకి వచ్చి మీటర్ ఇన్‌పుట్‌ని కాల్చేయొచ్చు. వీలైతే పై చివర యాంటెన్నా విప్పించు. చాలా యాంటెన్నాలు డీసీకి షార్ట్‌గానే (లోపల రెండు కొసలూ కలిసే) ఉంటాయి, అది తెలియక ట్రేస్ (స్క్రీన్ మీది గీత) కిందికి పడగానే కేబుల్ షార్ట్ అయిందని టెన్షన్ పడతారు.

టీడీఆర్ కొలిచేది దూరం కాదు, పల్స్ వెళ్లి తిరిగొచ్చిన టైమ్. దాన్ని మీటర్లలోకి మార్చేది నువ్వు పెట్టిన వెలాసిటీ ఫ్యాక్టర్, అంటే కేబుల్లో పల్స్ కాంతి వేగంలో ఎన్నో వంతు వేగంతో పోతుందో చెప్పే అంకె. ఆర్‌జీ-213 రకం కేబుల్‌కి అది 0.66, ఎల్ఎంఆర్-400కి 0.85. 500 నానోసెకన్ల ఎకో మొదటిదానిలో సుమారు 50 మీటర్లు, రెండోదానిలో 64 మీటర్లు! అంకె తప్పు పెడితే మనిషి టవర్ మీద ఎక్కడో వేరే చోట వెతుకుతుంటాడు. అందుకే అదే రకం కేబుల్ ముక్క పొడవు టేపుతో కొలిచి, మీటర్ కూడా అంతే చూపించేదాకా ఫ్యాక్టర్ సరిచెయ్యి.

ట్రేస్ పైకి లేస్తే ఇంపీడెన్స్ (సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు) పెరిగినట్టు, అంటే తెగడమో సెంటర్ పిన్ వదులవడమో. కిందికి పడితే షార్ట్, లేదా కేబుల్ నొక్కుకుపోవడం. నీళ్లు దిగితే మాత్రం ఒక్కసారిగా పడదు, కొంత పొడవునా మెల్లగా వంగి ఉంటుంది, పైగా తడిసిన చోట పల్స్ నెమ్మదిస్తుంది కాబట్టి కేబుల్ చివర అసలు కంటే దూరంగా కనిపిస్తుంది.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. పై చివరను ఒకసారి ఓపెన్‌గా, ఒకసారి షార్ట్ చేసి చూడు, ట్రేస్‌లో ఏ గుర్తు తలకిందులైతే అదే అసలు చివర. ఏదీ మారకపోతే సిగ్నల్ మధ్యలోనే ఆగిపోతోంది. 20 మీటర్ల దగ్గర పెద్ద ఫాల్ట్ ఉంటే 40 దగ్గర దాని దొంగ ఎకో కూడా రావచ్చు, కాబట్టి దగ్గరలో ఉన్నది ముందు బాగుచేసి మళ్ళీ చూడు.

మీటర్‌కి తగిలించిన మొదటి కనెక్టర్ మీదే అనుమానమైతే మధ్యలో మంచి జంపర్ (చిన్న కేబుల్ ముక్క) ఒకటి వెయ్యి, లేకపోతే పంపిన పల్సే దాన్ని కప్పేస్తుంది. తర్వాత ఒకరు కనెక్టర్‌ని మెల్లగా కదుపుతుంటే ఇంకొకరు స్క్రీన్ చూడాలి. ఆ చోట ట్రేస్ ఎగిరిందంటే కేబుల్ జోలికి పోనక్కర్లేదు.

కనెక్టర్ కోశాక లోపల సన్న తీగల అల్లిక నల్లబడి ఉంటే నీళ్లు ఇంకా కిందికి పోయాయన్నమాట, మెరిసే అల్లిక కనబడేదాకా కొయ్యి. కొత్తది వేసి, సీల్ చేసి, మళ్ళీ ఒక ట్రేస్ తీసి తేదీతో, వాడిన వెలాసిటీ ఫ్యాక్టర్‌తో సహా సేవ్ చెయ్యి.