భూమి మీదికి సూక్ష్మజీవులు అంతరిక్షం నుంచి వచ్చి ఉండొచ్చా?

కొట్టిపారేయలేం. కానీ వచ్చాయనడానికి ఇంతవరకు గట్టి ఆధారం ఒక్కటీ లేదు. ఈ ఊహకే పాన్‌స్పెర్మియా అని పేరు.

అసలు చిక్కంతా ప్రయాణంలోనే. గాలి లేదు, నీళ్లు లేవు, పైగా అతినీలలోహిత కిరణాలు. అయినా జపాన్ శాస్త్రవేత్తలు డీనోకాకస్ అనే బ్యాక్టీరియాను ఎండబెట్టి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట మూడేళ్లు ఉంచితే, అర మిల్లీమీటరు, అంతకుమించి మందంగా పేరుకున్న ముద్దల్లో కొన్ని బతికే ఉన్నాయి. పైపొరలోవి చచ్చిపోయి కింది వాటికి గొడుగు పట్టాయన్నమాట. ఈ ఫలితాలు 2020లో బయటికొచ్చాయి. రాయి లోపల దాక్కుంటే ఇంకా నయం.

దిగడం అనుకున్నంత కష్టం కాదు. ఉల్క పైభాగం కరిగిపోయినా, ఆ కొద్ది సెకన్లలో వేడి లోపలిదాకా పోదు. అంగారకుడి నుంచి ఎగిరొచ్చిన రాళ్లు భూమ్మీద వందల్లో దొరికాయి కూడా. వాటిలో ఒకటి, 1984లో అంటార్కిటికాలో దొరికిన ఏఎల్‌హెచ్ 84001, 1996లో పెద్ద హడావుడే చేసింది. అందులో సూక్ష్మజీవుల ఆనవాళ్లున్నాయన్నారు. జీవంతో పనిలేకుండానే అలాంటివి ఏర్పడతాయని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట.

జీవానికి కావాల్సిన ముడిసరుకు మాత్రం వచ్చింది, అందులో సందేహం లేదు. 1969లో ఆస్ట్రేలియాలో పడ్డ మర్చిసన్ ఉల్కలో పదుల రకాల అమైనో ఆమ్లాలున్నాయి. బెన్ను గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో, మన ప్రోటీన్లకు కావాల్సిన 20 అమైనో ఆమ్లాల్లో 14 కనిపించాయి.

నా మటుకు, అంగారకుడి నుంచి అంటే చెవి ఒగ్గి వింటాను. వేరే నక్షత్రాల నుంచి అంటే మాత్రం కోట్ల ఏళ్ల రేడియేషన్‌ను తట్టుకోవాలి, అది నమ్మబుద్ధి కాదు.