చెర్రీ ఆకులు కొయ్యబోయే ముందు ఇది చదువు

అమ్మలూ,

అడవి చెర్రీలో జన్యు వైవిధ్యం మీద పని మొదలుపెడుతున్నావని అన్నయ్య చెప్పాడు. సంతోషం. కానీ నువ్వు పంపిన ప్లాన్‌లో ల్యాబ్ గురించి పేజీలకు పేజీలున్నాయి, ఆకులు ఎక్కడ కొయ్యాలో మాత్రం నాలుగు లైన్లు. అది తిరగెయ్యి.

నేను గుంటూరు లాం పరిశోధనా కేంద్రంలో మిర్చితో బతికినవాణ్ణి. మిర్చి చాలావరకు తన పుప్పొడితోనే కాస్తుంది కాబట్టి ఒక రకంలో మొక్కలన్నీ దాదాపు ఒకే పోలిక. చెర్రీకి సొంత పుప్పొడి పడితే గింజ కట్టదు, వేరే చెట్టుది తేనెటీగలు మోసుకురావాలి, ఆపైన పండ్లు తిన్న పిట్టలు గింజల్ని ఎక్కడెక్కడో పడేస్తాయి. అందుకే హిమాచల్ నుంచి మయన్మార్ దాకా పరుచుకున్న నీ చెట్టులో వైవిధ్యం ఎక్కువగా ఒక్కో అడవి లోపలే దొరుకుతుంది. అడవికీ అడవికీ తేడా తక్కువ వచ్చిందని టెన్షన్ పడకు, ఇలాంటి చెట్లలో మామూలే. క్లోరోప్లాస్ట్ (ఆకులో పచ్చదనం ఉండే కణభాగం) డీఎన్‌ఏ కూడా చూడు, అది తల్లి చెట్టు నుంచి గింజతోనే వెళ్తుంది, పుప్పొడితో పోదు, కాబట్టి ఏ లోయ చెట్లు ఎటు నుంచి వచ్చాయో అందులోనే బాగా తెలుస్తుంది.

ఒకేచోట వంద చెట్లు కోసేకంటే పది చోట్ల ఇరవయ్యేసి చెట్లు నయం. చెట్టుకీ చెట్టుకీ కనీసం యాభై మీటర్లు వదులు, లేకపోతే ఒకే తల్లి పిల్లల్ని ఏరుకొస్తావు. షిల్లాంగ్ రోడ్ల పక్క, పార్కుల్లో నాటినవి అసలొద్దు, ఏ నర్సరీ గింజో ఎవరికి తెలుసు. జపాన్‌లో సొమెయ్ యొషినో రకం చెర్రీ చెట్లయితే అన్నీ ఒకే చెట్టు నుంచి కట్టిన అంట్లే, వెయ్యి కోసినా ఒక్క చెట్టు కోసినట్టే.

నవంబర్‌లో పూత చూసి చెట్టు గుర్తుపట్టడం తేలిక, కానీ అప్పటికి ఆకు సరిగ్గా ఉండదు. పూతలో జీపీఎస్ రాసుకుని, చిగురు వచ్చాక మళ్ళీ వెళ్ళు. లేత ఆకే కొయ్యి, ముదురు ఆకులో పాలీఫెనాల్స్ (వగరు పదార్థాలు) ఎక్కువ, డీఎన్‌ఏ గోధుమ రంగు జిగురులా వస్తుంది, డీఎన్‌ఏ తీసే సీటాబ్ ద్రావణంలో, ఆ పాలీఫెనాల్స్‌ని పట్టేసే పీవీపీ పొడి కలపడం మర్చిపోకు. ఆకులు ఆరబెట్టే సిలికా జెల్ నీలం పోయి గులాబీ రంగుకి తిరిగితే వెంటనే మార్చు.

ఇంకోటి, మేఘాలయలో చాలా అడవులు ఊళ్ళవీ, వంశాలవీ. అటవీ శాఖ కాగితం ఒక్కటే చాలదు, ఊరి పెద్దని ముందు అడుగు. చోటుకో హెర్బేరియం నమూనా (నొక్కి ఎండబెట్టి దాచే కొమ్మ) తప్పనిసరి.

ప్లాన్ మార్చి ఈ వారంలోనే పంపు, చూస్తాను.

బాబాయ్