బోర్డు మీద పేరు మీది, సూది ఎవరి చేతిలో?

ప్రశ్న: నా వయసు 29. ఎంబీబీఎస్ చేసి తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టర్ అయ్యాను. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌ని. పీజీ సీటు రెండుసార్లు చేతిదాకా వచ్చి తప్పిపోయింది. ఈ మధ్య ఒక ప్రైవేటు అకాడమీలో ఆరు వారాల ఈస్థటిక్ మెడిసిన్ (అందం కోసం చేసే చికిత్సలు) డిప్లొమా చేశాను. బ్యూటీ పార్లర్లు నడిపే ఒకాయన కూకట్‌పల్లిలో స్కిన్, హెయిర్ క్లినిక్ పెడుతూ నన్ను మెడికల్ డైరెక్టర్‌గా రమ్మంటున్నారు. వారానికి రెండు రోజులు వస్తే చాలట, మిగతా రోజులు టెక్నీషియన్లు చూసుకుంటారట. నెలకు లక్షన్నర జీతం, అమ్ముడైన ప్యాకేజీల మీద 10 శాతం, క్లినిక్ ఎల్ఎల్‌పీలో (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థ) 10 శాతం వాటా ఇస్తామంటున్నారు. మానేస్తే మూడేళ్ళు హైదరాబాద్‌లో ఈ ప్రాక్టీసు చేయకూడదనీ, చేస్తే 25 లక్షలు కట్టాలనీ అగ్రిమెంటులో ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు, రెండు బ్లాంక్ చెక్కులు కూడా అడుగుతున్నారు. నాన్నగారు సంతకం పెట్టేయమంటున్నారు. నేను లేనప్పుడు ఏదైనా జరిగితే బాధ్యత నాదేనా? సొంతంగా క్లినిక్ పెట్టుకోవాలంటే ఏం చేయాలి?

జవాబు: డాక్టర్ గారూ, ముందు అసలు మాట చెప్పేస్తాను. ఈ అగ్రిమెంటు ఇప్పుడున్నట్టే ఉంటే సంతకం పెట్టకండి. ఆయనకు కావలసింది మీ వైద్యం కాదు, మీ రిజిస్ట్రేషన్ నంబరు. లక్షన్నర ఇస్తున్నది ఆ నంబరు బోర్డు మీద రాసుకోవడానికి. వారానికి రెండు రోజులు అన్న మాటలోనే ఆ సంగతి బయటపడుతోంది.

మూడేళ్ళ కిందట మీలాంటి ఒక డాక్టరమ్మ నా ఆఫీసుకు వచ్చారు. కూర్చోగానే బ్యాగులోంచి ఒక ప్రిస్క్రిప్షన్ ప్యాడ్ తీసి బల్ల మీద పెట్టారు. ప్రతి కాగితం కింద ఆమె సంతకం, స్టాంపు ఉన్నాయి. పైన మాత్రం అంతా ఖాళీ. 'నేను రాని రోజుల కోసం ఇలా సంతకాలు చేసి ఇచ్చేదాన్నండీ' అన్నారు. ఆమె నల్గొండలో ఆడపడుచు సీమంతంలో ఉన్న రోజున క్లినిక్‌లో ఒక అమ్మాయికి లేజర్ చేశారు. చెంప కాలి మచ్చ పడింది. ఆ రోజు కేసు షీటు మీద ఉన్నది ఈమె సంతకమే. ఊళ్ళో లేనని చెప్పుకుందామంటే సంతకం అడ్డం. సంతకం ముందే పెట్టానని ఒప్పుకుంటే కౌన్సిల్ ముందు తప్పు ఒప్పుకున్నట్టే. మీరు ఆ కుర్చీలో కూర్చోకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీరు లేనప్పుడు బాధ్యత ఎవరిదన్నారు. నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ కాని వ్యక్తి వైద్యం చేస్తే ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ముడతలు తగ్గించే బొటాక్స్ సూది వేయడం, చర్మం కింద నింపే ఫిల్లర్ ఎక్కించడం వైద్యమే, పార్లర్ పని కాదు. అవి టెక్నీషియన్ చేస్తే మొదటి నేరం అతనిది. కానీ ఆ గది తలుపు మీదున్న పేరు మీది కాబట్టి మీరు బయటపడిపోరు. వైద్యుల వృత్తి ప్రవర్తన నియమావళి, 2002 ప్రకారం నైపుణ్యం, విచక్షణ అవసరమైన పనిని అర్హత లేని సహాయకులకు వదిలేయడమే తప్పు. (2023లో కొత్త నియమావళి వచ్చింది కానీ అదే నెలలో దాన్ని పక్కన పెట్టారు. ఇప్పటికీ నడుస్తున్నది 2002 నాటిదే.) కౌన్సిల్ మీ పేరును రిజిస్టర్ నుంచి కొంతకాలం తీసేయగలదు, శాశ్వతంగానూ తీసేయగలదు. అప్పుడు ఖమ్మంలో ఉద్యోగం కూడా పోతుంది.

ఇక డబ్బు సంగతి. 1995లో శాంత కేసులో సుప్రీంకోర్టు డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. కేసు వేసేవాళ్ళు క్లినిక్‌నీ, డాక్టర్‌నీ కలిపే పార్టీలుగా చేరుస్తారు. ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహితలోని 106వ సెక్షన్. అందులో రిజిస్టర్డ్ డాక్టర్‌కు రెండేళ్ళ వరకు, ఇతరులకు ఐదేళ్ళ వరకు శిక్ష ఉంది. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది నిజాయితీగా వైద్యం చేసి పొరపాటుపడిన డాక్టర్‌కు రక్షణ. పేరు అద్దెకిచ్చి ఇంట్లో కూర్చున్న డాక్టర్‌కు అదే రక్షణ దొరుకుతుందని నేను మీకు ధైర్యం చెప్పలేను.

'టెక్నీషియన్ల పనికి క్లినిక్‌దే బాధ్యత' అని అగ్రిమెంటులో రాయించుకుంటే సరిపోతుందా అని అడుగుతారేమో. ఆ మాట మీకూ ఆయనకూ మధ్యనే చెల్లుతుంది. పేషెంట్‌నీ, కౌన్సిల్‌నీ, పోలీసులనీ అది కట్టిపడేయదు. ఎల్ఎల్‌పీ వాటా కూడా అంతే. సంస్థ చేసిన అప్పులు భాగస్వామి మీదికి రావు నిజమే. కానీ మీరు స్వయంగా చేసిన తప్పుకు మీ సొంత ఆస్తి నుంచే కట్టాలని ఆ చట్టంలోనే ఉంది. డిజిగ్నేటెడ్ పార్ట్‌నర్‌గా (చట్టం ముందు సంస్థ తరఫున బాధ్యత వహించే భాగస్వామిగా) పెడితే ప్రభుత్వానికి కాగితాలు దాఖలు చేసే బాధ్యత కూడా మీ నెత్తిన పడుతుంది.

మీ చదువుతో ఏమేం చేయవచ్చు? మీరు అడగలేదు గానీ చెప్పాల్సిన విషయం ఇదే. ఎంబీబీఎస్ డాక్టర్ బొటాక్స్, ఫిల్లర్లు, కెమికల్ పీల్స్ చేయకూడదని నేరుగా నిషేధం లేదు. అయితే కేసు వస్తే కోర్టు ఈమె ఎంబీబీఎస్సే కదా అని కొలత తగ్గించదు. ఆ పని తెలిసినవాళ్ళు ఎలా చేస్తారో దానితోనే పోల్చి చూస్తుంది. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్ళి చర్మం తెల్లబడితే వెంటనే గుర్తుపట్టడం వచ్చా, ఫిల్లర్‌ను కరిగించే హైలురోనిడేజ్ మందు ఆ గదిలోనే ఉందా, కంటి చూపు పోయే ప్రమాదం ఉందని ముందే చెప్పారా అని అడుగుతారు. ఈ మూడింటికీ జవాబు మీ దగ్గర లేకపోతే ఆరు వారాల సర్టిఫికెట్ కోర్టులో ఆదుకోదు. 1996లో పూనమ్ వర్మ కేసులో, హోమియోపతి చదివి అల్లోపతి మందులిచ్చిన డాక్టర్ విషయంలో, తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు అంది. మీ పరిస్థితి అది కాదు. అయినా అవతలి లాయరు మొదట ఎత్తేది ఆ తీర్పే.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ జోలికి మాత్రం వెళ్ళకండి. నేషనల్ మెడికల్ కమిషన్ ఎథిక్స్ బోర్డు 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలిచ్చింది. అలాంటి సర్జరీలు పద్ధతిగా శస్త్రచికిత్స శిక్షణ పొందినవాళ్ళే చేయాలనీ, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది చాలదనీ అందులో రాసి ఉంది. చర్మవ్యాధుల్లో ఎండీ, డీఎన్‌బీ చేసినవాళ్ళు, ప్లాస్టిక్ సర్జన్లు చేసే పని అది. మెడికల్ డైరెక్టర్‌గా మీ పేరు పెట్టుకుని ఆ క్లినిక్‌లో గ్రాఫ్టులు (జుట్టు కుదుళ్ళు) నాటుతుంటే జవాబు చెప్పాల్సింది మీరే.

బోర్డు మీద 'డెర్మటాలజిస్ట్', 'స్కిన్ స్పెషలిస్ట్' అని రాయనివ్వకండి. ఆ శాఖలో ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్ట్‌నని చెప్పుకోవడం 2002 నియమావళి ప్రకారం దుష్ప్రవర్తన. పేరు, ఎంబీబీఎస్, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే చాలు. ఆ నంబరు ప్రిస్క్రిప్షన్ మీదా, రసీదు మీదా కూడా ఉండాలి. రీల్స్ విషయంలోనూ జాగ్రత్త. క్లినిక్ పెట్టామని, అడ్రస్ మారిందని, ఫీజు ఇంతని ప్రకటించుకోవచ్చు. డాక్టర్ ముఖం, పేరు పెట్టి పేషెంట్లను రమ్మని పిలవడం నిషిద్ధం. మీ డిప్లొమా బ్యాచ్‌లో సగంమంది అదే చేస్తున్నారని నాకు తెలుసు. ఫిర్యాదు వచ్చిన రోజున అందరూ చేస్తున్నారన్న జవాబు పనికిరాదు.

ప్యాకేజీల మీద 10 శాతం వద్దనండి. పేషెంట్‌ను తెచ్చినందుకో, ఫలానా చికిత్స చేయించుకోమన్నందుకో కమిషన్ పుచ్చుకోవడం, ఫీజు పంచుకోవడం నియమావళికి విరుద్ధం. క్లినిక్‌లో ప్యాకేజీలు అమ్మే కౌన్సెలర్ అంటగట్టిన ఎనిమిది సిట్టింగుల ప్యాకేజీలో మీకు వాటా ఉంటే, మూడో సిట్టింగుకే చర్మం ఎర్రబడిన మనిషితో ఇక ఆపేద్దామని మీరు చెప్పడం కష్టమవుతుంది. మీరు చూసిన పేషెంట్‌కు ఇంత, చేసిన ప్రొసీజర్‌కు ఇంత అని ఫీజు మాట్లాడుకోండి.

మూడేళ్ళ షరతు గురించి టెన్షన్ పడకండి, కానీ ఒక మెలిక ఉంది. కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం మానేశాక వృత్తి చేసుకోకూడదన్న షరతు చెల్లదు. షరతే చెల్లనప్పుడు దాన్ని మీరారని 25 లక్షలు అడగడానికి ఆధారం ఉండదు. ఉద్యోగంలో ఉన్నంతకాలం మరోచోట చేయకూడదన్న షరతు మాత్రం చెల్లుతుంది. అలాగే వాళ్ళ ఖర్చుతో మీకు శిక్షణ ఇప్పించి ఉంటే, మధ్యలో మానేసినందుకు న్యాయమైన మొత్తం అడగవచ్చు. మీ డిప్లొమా వాళ్ళు ఇప్పించింది కాదు కాబట్టి ఆ ఇబ్బంది లేదు. మెలిక ఎక్కడంటే, 27వ సెక్షన్‌కు ఉన్న మినహాయింపు వ్యాపారం గుడ్‌విల్ (దాని పేరుకున్న విలువ) అమ్మేసినవాళ్ళకు వర్తిస్తుంది. రేపు మీరు ఎల్ఎల్‌పీ వాటా డబ్బు తీసుకుని బయటికొస్తే, గుడ్‌విల్ అమ్ముకుని వెళ్ళారని వాళ్ళు వాదించే వీలు దొరుకుతుంది. కనుక ఆ 10 శాతం వాటా లాభం కన్నా చిక్కే ఎక్కువ తెస్తుంది.

బ్లాంక్ చెక్కులు ఒక్కటి కూడా ఇవ్వకండి. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివాళ్ళు నింపుకున్నా, అది బాకీ కోసమే ఇచ్చిందని చట్టం మొదట అనుకుంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని రుజువు చేసుకునే భారం మీ మీద పడుతుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ వెనక్కి తెచ్చుకోండి. రేపు పీజీ కౌన్సెలింగ్‌కు అవే కావాలి.

సొంత క్లినిక్ పెట్టుకోవచ్చు. నాకైతే అదే బాగుందనిపిస్తోంది, అయితే మొదటి ఏడాది రెండేళ్ళు ఒక డెర్మటాలజిస్ట్ దగ్గర పనిచేసి చెయ్యి తిరిగాక. తెలంగాణలో క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, 2010 కింద డీఎంహెచ్ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు ద్వారా రిజిస్ట్రేషన్ చేయించాలి. ఒక్క గది క్లినిక్ అయినా సరే. ఆంధ్రప్రదేశ్‌లో అయితే 2002 నాటి వేరే రాష్ట్ర చట్టం ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపితే మొదటిసారి 50 వేల వరకు జరిమానా. రిజిస్టర్ కాలేదని తెలిసీ అలాంటి చోట పనిచేసినవాళ్ళకు కూడా 25 వేల వరకు ఉంది. కూకట్‌పల్లి క్లినిక్‌కు ఆ సర్టిఫికెట్ ఉందో లేదో రేపే అడగండి. వాడిన సూదులు, వయల్స్ (మందు సీసాలు) పారవేయడం కోసం బయోమెడికల్ వ్యర్థాల నియమాల కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి కావాలి. పేషెంట్ కేసు వేస్తే పరిహారం కట్టే ఇండెమ్నిటీ పాలసీ తీసుకునేటప్పుడు కాస్మెటిక్ ప్రొసీజర్లు కవర్ అవుతాయని పాలసీ కాగితంలోనే రాయించుకోండి. మామూలు డాక్టర్ పాలసీల్లో చాలావాటిలో అవి ఉండవు.

జీఎస్టీ దగ్గర చాలామంది డాక్టర్లు పొరబడతారు. వైద్యానికి జీఎస్టీ లేదు కదా అనుకుంటారు. ఆ మినహాయింపులో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్, కాస్మెటిక్, ప్లాస్టిక్ సర్జరీ లేవు. పుట్టుకతో వచ్చిన లోపం, ఎదుగుదలలో వచ్చిన లోపం, ప్రమాదంలో తగిలిన గాయం సరిచేసే సర్జరీ అయితేనే ఉంది. అందం కోసం చేసేవి కూడా ఉండి, మినహాయింపు ఉన్న వైద్యంతో కలిపి మొత్తం రాబడి ఏడాదికి 20 లక్షలు దాటితే రిజిస్టర్ కావాలి. మొదటి నెల నుంచే ఒక మంచి సీఏతో లెక్కలు రాయించండి.

కన్సెంట్ కాగితం విషయంలో బద్ధకించవద్దు. 2008లో సమీరా కోహ్లీ కేసులో, పరీక్ష కోసం ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. ఏ ప్రొసీజర్‌కు ఆ ప్రొసీజర్‌కే కాగితం ఉండాలి. నేను చూసిన కన్సెంట్ ఫారాల్లో చాలావరకు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి, ప్రొసీజర్ పేరు రాయాల్సిన గీత ఖాళీగా ఉంటుంది. మీరు తెలుగులో రాయించండి. వాతలు తేలవచ్చు, నల్లమచ్చ పడవచ్చు, ఫలితం కొన్ని నెలలే ఉండవచ్చు అని మనుషులకు అర్థమయ్యే మాటల్లో ఉండాలి. వాడిన వయల్ మీది బ్యాచ్ నంబరు స్టిక్కర్ ఊడదీసి కేసు షీటుకే అంటించండి. ముందూ వెనకా ఫోటోలు తేదీతో తీసి భద్రపరచండి, అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకండి. రికార్డులు కనీసం మూడేళ్ళు దాచాలి, పేషెంట్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి.

ఇంత చదివాక కూడా ఆయనతోనే చేద్దామనిపిస్తే, జీతం మీద కన్సల్టెంట్‌గా మాత్రమే చేరండి. మీరు లేని రోజున సూది, లేజర్, పీల్ ఏదీ జరగకూడదని, బొటాక్స్ ఉండే ఫ్రిజ్ తాళం మీ దగ్గరే ఉంటుందని, అపాయింట్‌మెంట్ పుస్తకం మీకు కనిపిస్తుందని రాయించండి. దానికి ఆయన ఒప్పుకోకపోతే ఆ క్లినిక్ ఎలా నడుస్తుందో ఆయనే చెప్పినట్టు. మానేసే రోజున బోర్డు మీంచి, వెబ్‌సైట్ మీంచి పేరు తీయమని ఆయనకు స్పీడ్ పోస్టులో లేఖ రాసి, నకళ్ళు డీఎంహెచ్ఓకూ మెడికల్ కౌన్సిల్‌కూ పంపి, రసీదులు దాచుకోండి.

మీ నాన్నగారికి ఈ జవాబు చదివి వినిపించండి. అగ్రిమెంటు మొత్తం కాగితాలతో దగ్గర్లోని ఒక లాయరును కలిశాకే క్లినిక్ పెడుతున్నాయనకు ఏ మాటైనా ఇవ్వండి. ఈలోగా ఆయన అడ్వాన్సు అంటూ మీ ఖాతాలో డబ్బు వేస్తే ఉంచుకోవద్దు, అదే రోజు తిరిగి పంపించి, ఎందుకు తిప్పి పంపుతున్నారో ఆయనకు మెసేజ్ పెట్టండి.