ఫోన్‌లో హీరోయిన్ ఫొటో చూపించి ‘ఇలాగే కుట్టండి’ అంటే

అమ్మలూ,

అత్త ఆశీస్సులు. షాపు తెరిచి నెల కూడా కాలేదు, అప్పుడే ముగ్గురు జాకెట్లు వెనక్కి తెచ్చారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ముగ్గురూ సినిమా ఫొటో చూపించి కుట్టించుకున్నవాళ్లేనట కదా. టెన్షన్ పడకు. తెనాలిలో ఇన్నేళ్లుగా మిషన్ తొక్కుతున్న నాకూ మొదట్లో ఇదే దెబ్బ తగిలింది.

1994లో ‘హమ్ ఆప్కే హై కౌన్’ వచ్చింది. మన దగ్గర ‘ప్రేమాలయం’ పేరుతో ఆడింది. మాధురీ దీక్షిత్ ఊదా రంగు చీర, వీపు కనిపించే జాకెట్టు చూసి ఆడపిల్లలు వెర్రెత్తిపోయారు. అప్పుడు ఫోన్లెక్కడివి? సినిమా పత్రికలోంచి చింపిన కాగితం పట్టుకొచ్చేవాళ్లు. అందులో ముందు మెడ కనిపిస్తే వెనుక మెడ కనిపించదు. అందుకని రెండుసార్లు టికెట్ కొనుక్కుని వెళ్లి, చీకట్లోనే నోట్‌బుక్కులో మెడ గీసుకొచ్చాను. చూసింది చూసినట్టే దించేశాను కూడా. వెనుక పది అంగుళాల లోతు, ముందు మెడ కూడా వెడల్పే. ఒక పిల్ల అది తొడుక్కుని వాళ్లక్క పెళ్లికి వెళ్లింది. భుజాలు జారిపోతుంటే వడ్డనకు కూడా లేవలేక, పమిట నిండా కప్పుకుని రాత్రంతా ఓ మూల కూర్చుందట. అక్క పెళ్లి రోజున ఆ పిల్ల సంతోషం నా కత్తెరే పాడుచేసిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వెనుక మెడ కిందికి దించితే ముందు మెడ పైకి తేవాలి. భుజం కాస్త తగ్గించి కత్తిరించాలి. మెడ వెనుక పైన కట్టుకునే డోరీ తాడు తప్పకుండా పెట్టాలి, అది అందానికి మాత్రమే కాదు, భుజాలను పట్టి ఉంచేది అదే. నీకు తిరిగొచ్చిన మూడింట్లో కనీసం ఒకటి ఇదే తప్పయి ఉంటుంది, చూసుకో.

సినిమాలో బట్ట ఒక మనిషి కోసం, ఒక పని కోసం తయారవుతుంది. 1968లో ‘బ్రహ్మచారి’ హిందీ సినిమాలో ముంతాజ్ కట్టిన నారింజ రంగు చీర అందరికీ పిచ్చి పట్టించింది. అది ఆమె ఒంటి మీద చుట్టి కట్టింది కాదు. డాన్స్ చేయాలి కాబట్టి డిజైనర్ భాను అథైయా మడతలు ముందే కుట్టేసి, జిప్ పెట్టింది. తర్వాత ‘గాంధీ’ సినిమాకు ఆస్కార్ అందుకుని, మన దేశానికి మొదటి ఆస్కార్ తెచ్చింది ఆవిడే. ఈ పిల్ల ఈ బట్టలో ఏం చేయాలి అన్నది ఆవిడ ముందు చూసుకుంది. నువ్వు కూడా టేపు తీసే ముందు అదే అడుగు.

‘ఫొటోలో నచ్చింది ఏమిటమ్మా, చేతులా, మెడా, రంగా?’ అని వచ్చినవాళ్లను అడుగు. చాలాసార్లు ఒక్కటే చెబుతారు. ఆ ఒక్కటి ఇవ్వు, మిగతాదంతా ఆమె ఆది జాకెట్టు ప్రకారం వెళ్లు. ఎక్కడికి తొడుక్కుంటారో కూడా అడుగు. రోజూ స్కూటీ నడిపే అమ్మాయికి చంక బిగిస్తే చెయ్యి లేవదు. చంటిపిల్లకు పాలిచ్చే తల్లి వెనుక హుక్స్ ఉన్న ఫొటో తెచ్చినా, హుక్స్ ముందుకు మార్చమంటావా అని నువ్వే మెల్లగా అడగాలి. ఆమె సిగ్గుపడి చెప్పకపోవచ్చు.

2018లో ‘మహానటి’ వచ్చాక బుట్ట చేతులు మళ్లీ అడిగారు. తల్లీ కూతుళ్లిద్దరూ ఒకే మోడల్ కుట్టించుకోవడం నా షాపులో అప్పుడే చూశాను. ఎంత ముచ్చటేసిందో! ఆ సినిమా దుస్తులకు జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఆ చేతులకు కుచ్చు భుజం పైభాగంలోనే పెట్టు, చంక కిందికి రానివ్వకు. భుజాలు వెడల్పుగా ఉన్నవాళ్లకు కుచ్చు తగ్గించు. పమిట పిన్ను పెట్టే ఎడమ భుజం వైపు బుట్ట నలిగిపోతుంది, లోపల నెట్ ముక్క వేస్తే నిలుస్తుంది.

లైనింగ్ గుడ్డ నీళ్లలో నానబెట్టి ఆరేశాకే కత్తిరించు. లోపల మార్జిన్ రెండు వైపులా అంగుళం వదులు. ఏ సినిమా ఎంత ఆడినా దాని కోసం తాన్లు కొని పెట్టుకోకు, మోజు ఎప్పుడు పోతుందో చెప్పలేం.

ఇంకొక్క మాట. ‘నీ ఒంటికి ఇది బాగోదు’, ‘నీ రంగుకు ఇది నప్పదు’ అనే మాటలు నీ షాపులో ఎవరి నోటా రాకూడదు. ఆ హీరోయిన్‌లా ఒక్కరోజు కనిపించాలని ఎంతో ధైర్యం చేసి అడుగుతారమ్మా. కొలతలు కర్టెన్ వెనుకే తీసుకో, అంకెలు పైకి చదవకు.

తిరిగొచ్చిన మూడూ విప్పి, డబ్బులు తీసుకోకుండా సరిచేసి ఇచ్చేయ్. శ్రావణం దగ్గరపడుతోంది, మొదటి శుక్రవారానికి ముందు వారం కొత్త ఆర్డర్లు ఒప్పుకోకు.

నీ అత్త