రంగు వెలిస్తే ఫ్లోరైడ్ ఉన్నట్టు

ప్రశ్న: నల్గొండ జిల్లాలో నీటి పరీక్షల ల్యాబు నడుపుతున్నాం. ఫ్లోరైడ్‌కి స్పాడ్న్స్ (ఎర్రరంగు రసాయనం కలిపి రంగును కొలిచే) పద్ధతి. ఒకే బోరు నీళ్లు పొద్దున లీటరుకు 1.1, మధ్యాహ్నం 1.4 మి.గ్రా. చూపిస్తున్నాయి. స్పెక్ట్రోఫోటోమీటర్ (రంగును కొలిచే యంత్రం) సర్వీసు చేయించినా తేడా పోలేదు.

జవాబు: ముందు పిపెట్‌ను (ద్రవాన్ని కొలిచి వేసే గొట్టాన్ని) అనుమానించండి. ఇనుము, ఫాస్ఫేట్ పరీక్షల్లో పదార్థం ఎక్కువైతే రంగు ముదురుతుంది. ఇక్కడ తలకిందులు. జిర్కోనియంతో కలిసిన ఎర్రరంగును ఫ్లోరైడ్ విడగొట్టి వెలిసిపోయేలా చేస్తుంది. 570 నానోమీటర్ల దగ్గర మీరు చూసేది ఆ వెలిసిన మేరనే. కాబట్టి రీజెంట్ (ఆ ఎర్రరంగు రసాయనం) కాస్త తక్కువ పడితే యంత్రం ఆ లోటును కూడా ఫ్లోరైడ్ ఖాతాలోనే వేస్తుంది. 50 మి.లీ. శాంపిల్‌కి 10 మి.లీ. రీజెంట్‌ను కొలజాడీతో పోయకండి, వాల్యూమెట్రిక్ పిపెట్‌తోనే వేయండి. క్యూవెట్‌లో (యంత్రంలో పెట్టే చిన్న గాజు గిన్నెలో) మిగిలిన కడుగునీళ్ల తడి కూడా అంకెను పెంచుతుంది. కొలవబోయే ద్రావణంతోనే రెండుసార్లు కడిగి నింపండి. వేలిముద్ర, గీత, గాలిబుడగ ఉంటే అంకె తగ్గుతుంది. అదే ఎక్కువ ప్రమాదం: తాగకూడని నీళ్లు మంచివని రిపోర్టు వెళ్తుంది.

పూటపూటకూ మారుతోందంటే వేడిని కూడా చూడాలి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టాండర్డ్‌లతో (ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ద్రావణాలతో) గీసిన గ్రాఫు మధ్యాహ్నానికి పనికిరాదు. శాంపిళ్లు, స్టాండర్డ్‌లు ఒకే నీళ్ల తొట్టిలో ఉంచి, వాటి మధ్య తేడా 2 డిగ్రీలు దాటకుండా చూడండి. 1.4 దాటిన అంకెను నమ్మొద్దు. 10 మి.లీ. శాంపిల్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో 50 మి.లీ. చేసి, వచ్చినదాన్ని 5తో గుణించండి.

ప్రశ్న: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి నల్గొండ పద్ధతిలో శుద్ధి చేసిన నీళ్లకు ఇదే పరీక్ష చాలా?

జవాబు: అలాగే చేస్తే చాలదు. పటికలోంచి మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది, అంకె తక్కువ వస్తుంది. లీటరుకు 0.1 మి.గ్రా. అల్యూమినియం ఉన్నా చాలు, దాదాపు 0.1 తగ్గుతుంది. రీజెంట్ కలిపాక నిమిషం తర్వాత ఒకసారి, 15 నిమిషాల తర్వాత మరోసారి చదవండి. రెండో అంకె బాగా పెరిగిందా, అది అల్యూమినియం పనే. 2 గంటలాగి చదివినదే రాసుకోండి. బ్లీచింగ్‌లోని క్లోరిన్ కూడా రంగును పోగొడుతుంది. దాన్ని ముందే సోడియం ఆర్సెనైట్‌తో తీసేయాలి. అది విషం, వ్యర్థాన్ని సింకులో పారబోయకండి.

చివరగా, అలా చూసిన శాంపిల్‌లోనే మరో 50 మి.లీ.కి, లీటరుకు 100 మి.గ్రా. ఫ్లోరైడ్ ఉన్న స్టాండర్డ్ 0.25 మి.లీ. కలిపి చూడండి. అంకె 0.5 పెరగాలి. పెరగకపోతే ఆ నీళ్లలో ఇంకేదో అడ్డుపడుతోంది. డిస్టిలేషన్ చేసి మళ్లీ కొలవండి.