పాఠకుల ప్రశ్నలు: ఒకే తేదీకి రెండు సభలు పడితే

ప్రశ్న: పత్తి కొనుగోళ్ల మీద మా రైతు సంఘం పార్లమెంటు స్థాయీ సంఘానికి (స్టాండింగ్ కమిటీకి) వినతిపత్రం పంపింది. ఢిల్లీకి వచ్చి మాట్లాడమని ఇప్పుడు ఉత్తరం వచ్చింది. సరిగ్గా అదే రోజు మా వార్షిక మహాసభ. కరపత్రాలు కూడా పంచేశాం. తేదీ మార్చమని అడగొచ్చా? ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో మాట్లాడితే కుదరదా?
- రైతు సంఘం కార్యదర్శి, ఆదోని

జవాబు: అడగొచ్చు. మారుతుందని మాత్రం లెక్క వేసుకోవద్దు. స్థాయీ సంఘంలో 31 మంది ఉంటారు. 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. తలా ఒక రాష్ట్రం నుంచి రావాల్సిన ఇంతమందికి కుదిరిన తేదీని ఒక్క రైతు సంఘం కోసం జరపడం అరుదు. రోజూ వేళా నిర్ణయించేది ఛైర్‌పర్సన్. దాన్ని మీకు తెలియజేసేది పార్లమెంటు సచివాలయంలోని ఆ కమిటీ శాఖ. పత్తి కొనే సీసీఐ (కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) జౌళి శాఖ కింద ఉంటుంది కాబట్టి, కార్మిక, జౌళి, నైపుణ్యాభివృద్ధి స్థాయీ సంఘం పిలిచి ఉంటే మీ జవాబు లోక్‌సభ సచివాలయానికి వెళ్లాలి. అన్ని కమిటీలూ అక్కడివే అనుకోవద్దు. ఇలాంటివి 24 ఉంటే 16 లోక్‌సభ కింద, 8 రాజ్యసభ కింద పనిచేస్తాయి. ఉత్తరం కింద సంతకం చేసిన అధికారి పేరిటే రాయండి, చిక్కు ఉండదు.

ఉత్తరం అందిన రోజే జవాబు పంపండి. మొదటి వాక్యంలోనే 'మేం వస్తున్నాం' అని ఉండాలి. 'రాలేకపోతున్నాం' అని మొదలుపెడితే, మిగతా సంఘాలను విని ఆ అంశాన్ని ముగించేసే అవకాశం ఉంది. ఆ తర్వాత, ఇదే అంశం మీద ఇంకో రోజు కూడా సాక్ష్యాలు వినేటట్లయితే ఆ రోజుకు మమ్మల్ని పిలవగలరా అని ఒక్క ముక్క అడగండి. కుదరకపోతే ఇచ్చిన తేదీకే వస్తామని చెప్పి, వచ్చే ఇద్దరి పేర్లు, హోదాలు, గుర్తింపు కార్డు వివరాలు అందులోనే ఇవ్వండి. పార్లమెంటు ఆవరణలోకి పాసు లేనిదే పంపరు. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి 'ఫలానా ఆయనకు బదులు ఇంకొకాయన వస్తాడు' అంటే ఆ ఇంకొకాయన గేటు దగ్గరే ఆగిపోతాడు.

మా మాట అడిగితే, మహాసభనే తర్వాతి తేదీకి జరపండి. అది మీ ఊళ్లో, మీ చేతిలో ఉన్న సభ. స్థాయీ సంఘం గడువు ఏడాదే. కొత్త సంఘం ఏర్పడితే సభ్యులు మారతారు, మీ అంశాన్ని మళ్లీ చేపట్టాలన్న నియమం లేదు. మహాసభ తేదీ మార్చేటప్పుడు మీ సంఘం బైలాలో నోటీసుకు ఎన్ని రోజులు ఇవ్వాలని ఉందో చూసుకుని, కొత్త నోటీసు మళ్లీ ఇవ్వండి. కరపత్రం మీద తేదీ దిద్ది పంచితే రేపు ఆ సభ తీర్మానాలనే ఎవరైనా ప్రశ్నిస్తారు. ఏ కారణంతోనైనా మహాసభ ఆపలేకపోతే అధ్యక్షుడిని ఇక్కడ ఉంచి, మీరు, తూకం చీటీలు దాచిపెట్టుకున్న ఒక రైతు కలిసి వెళ్లండి. వినేవాళ్లకు ఆ చీటీలే ఎక్కువ చెబుతాయి.

రెండు సభలూ ఒకే రోజు జరిగితే ఇంకో ప్రమాదం ఉంది. కమిటీకి ఇచ్చిన వినతిపత్రాన్ని మహాసభలో చదివి వినిపించాలని, విలేకరులకు నకలు ఇవ్వాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని చేయొద్దు. కమిటీకి అందిన పత్రం కమిటీ రికార్డు అయిపోతుంది, దాన్ని గోప్యంగా ఉంచాలి. అక్కడ చెప్పిన సాక్ష్యమూ అంతే, నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చేదాకా బయట పెట్టకూడదు. పెడితే సభాహక్కుల ఉల్లంఘన కిందికి వస్తుంది. మీ డిమాండ్లను మహాసభలో వేరే తీర్మానంగా, వేరే మాటల్లో పెట్టుకోవచ్చు.

ఆన్‌లైన్ మాట కూడా ఈ గోప్యత దగ్గరే ఆగిపోయింది. సమావేశాలు తలుపులు మూసి జరపాలన్నది నియమం. 2020లో కరోనా వేళ కొందరు ఛైర్మన్లు అడిగినా ఉభయ సభల అధిపతులు ఒప్పుకోలేదు. జూలై నుంచి సభ్యులు నేరుగా వచ్చే కూర్చున్నారు.

ప్రయాణం సంగతి. ఆదోని మీదుగా పోయే కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీకి ముప్పై గంటలకు పైనే. సమావేశానికి ముందు రోజు పొద్దునకే దిగేలా చూసుకోండి. రద్దు చేస్తే డబ్బు వెనక్కి వచ్చే టికెట్టే కొనండి, సమావేశాలు చివరి క్షణంలో వాయిదా పడటం మామూలే. బయలుదేరే ముందు కమిటీ శాఖకు ఒకసారి ఫోన్ చేయండి.

ప్రశ్న: దిశ కమిటీ సమావేశానికి తేదీ ఖరారు చేసే పని నాకు అప్పగించారు. వాయిదా పడకుండా ఎలా చూసుకోవాలి? దీనికీ పార్లమెంటు కమిటీ కోరం (కనీస హాజరు) నియమమే వర్తిస్తుందా?
- ప్రభుత్వ ఉద్యోగిని, అనంతపురం

జవాబు: వర్తించదమ్మా. ఎంపీ అధ్యక్షత వహిస్తారు కాబట్టి పార్లమెంటు కమిటీ అని చాలామంది పొరబడతారు. దిశ అంటే కేంద్ర పథకాల అమలును సమీక్షించడానికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ వేసిన జిల్లా కమిటీ. పాత విజిలెన్స్, మానిటరింగ్ కమిటీల స్థానంలో 2016లో వచ్చింది. కలెక్టర్ సభ్య కార్యదర్శి. మూడు నెలలకు ఒకసారి జరగాలి.

తేదీ కోసం గోడ క్యాలెండర్ ఒకటి దించి, కుదరని రోజులు కొట్టేస్తూ రండి. మొదట పార్లమెంటు సమావేశాలు. ఆ తర్వాత మీ ఎంపీ గారు ఏ స్థాయీ సంఘంలో ఉన్నారో కనుక్కుని, దాని తేదీలు. చాలాచోట్ల తప్పు జరిగేది ఇక్కడే. పార్లమెంటు జరగడం లేదు కదా అని ఫిబ్రవరి చివర్లో తేదీ పెడతారు. బడ్జెట్ సమావేశాల మధ్య ఇచ్చే ఆ విరామం స్థాయీ సంఘాలు శాఖల పద్దులు పరిశీలించడానికే. ఎంపీలకు ఏడాదిలో ఊపిరాడని రోజులవి. పైగా శివరాత్రి కూడా ఆ చుట్టుపక్కలే పడుతుంది.

ఎమ్మెల్యేలూ సభ్యులే కాబట్టి తర్వాత శాసనసభ రోజులు కొట్టేయండి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, కలెక్టర్ కదలరు. ఒకటో తారీఖు పింఛన్ల పంపిణీ, కింది సిబ్బంది ఊళ్లలో ఉంటారు. ఒకటి ఆదివారమైతే ముందు రోజునే పంచుతారు, ఆ శనివారం కూడా వదలండి. రెండో శనివారం సెలవు. ఆగస్టు 15కు, జనవరి 26కు ముందు మూడు నాలుగు రోజులు ఎవరూ దొరకరు.

మిగిలే వాటిలో శనివారం మంచిది. లోక్‌సభలో శుక్రవారం మధ్యాహ్నం ప్రైవేటు సభ్యుల బిల్లులు, తీర్మానాలకు కేటాయిస్తారు, అందుకే చాలామంది ఎంపీలు ఆ సాయంత్రమే ఊరి దారి పడతారు. బెంగళూరు విమానాశ్రయంలో దిగి అనంతపురం చేరడానికి దాదాపు మూడు గంటల రోడ్డు. ఇంటికి వచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పొద్దున తొమ్మిదికి కాదు, పదకొండుకు పెట్టండి.

ఇంకొకటి మరిచిపోవద్దు. రాప్తాడు మండలం అనంతపురం జిల్లాలో ఉన్నా, ఆ అసెంబ్లీ స్థానం హిందూపురం లోక్‌సభ కిందికి వస్తుంది. హిందూపురం ఎంపీ గారి వీలు కూడా అడగాలి. ఆయనకు శ్రీ సత్యసాయి జిల్లాలో మరో దిశ సమావేశం ఉంటుంది. రెండు కలెక్టరేట్లూ మాట్లాడుకోకుండా ఒకే శనివారం పెట్టుకుంటే ఇబ్బంది. పొద్దున అనంతపురం, మధ్యాహ్నం పుట్టపర్తి అని సర్దడం దూరం లెక్కన సాధ్యమే. అలా చేస్తే ఉపాధి హామీ, ఇళ్లు మాట్లాడేసరికే టైము అయిపోయి, తాగునీటి పద్దు తెరవకుండానే లేస్తారు. వేర్వేరు శనివారాలు అడగండి.

రెండు తేదీలు ఎంచి ఎంపీ గారి పీఏకి రాతపూర్వకంగా పంపండి. ఖరారు కాకముందే వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. ఒకసారి పెట్టిన తేదీ మారితే, రెండోసారి పెట్టినదాన్ని ఎవరూ నమ్మరు. నోటీసులో 'జిల్లా అధికారి స్వయంగా హాజరు కావాలి' అని ఉండాలి. గత సమావేశంలో చెప్పిన పనులు ఎంతవరకు వచ్చాయన్న నివేదిక అజెండాతో కలిపి వెళ్లాలి. సమావేశం రోజు టేబుల్ మీద పెట్టిన కాగితం ఎవరూ చదవరు.

ప్రశ్న: సభ్యులు రాకపోతే పార్లమెంటు కమిటీ సమావేశం రద్దవుతుందా?
- డిగ్రీ విద్యార్థి, కడప

జవాబు: మూడో వంతు సభ్యులు ఉండాలి. 31 మంది సంఘంలో పదకొండు మంది ఉంటే కోరం మీద పేచీ రాదు. లేకపోతే ఛైర్‌పర్సన్ కాసేపు ఆపుతారు, లేదా ఇంకో రోజుకు వాయిదా వేస్తారు. వరుసగా రెండు తేదీలు అలాగే పోతే సభకు గానీ సభాపతికి గానీ నివేదించాలి. 2019 నవంబరు 15న ఢిల్లీ వాయు కాలుష్యం మీద పట్టణాభివృద్ధి స్థాయీ సంఘం కూర్చోవాల్సి ఉంది. నలుగురే వచ్చారు. జవాబు చెప్పాల్సిన ముఖ్య అధికారులు కూడా కొందరు రాలేదు. గాలి పీల్చలేని వారంలో గాలి గురించిన సమావేశం అలా ఆగిపోయింది. సెలవు కోరకుండా వరుసగా రెండు సమావేశాలకు రాని సభ్యుడిని తొలగించే వీలు నియమాల్లో ఉంది. సభ నడుస్తుండగా కూడా కమిటీ కూర్చోవచ్చు, ఓటింగుకు పిలుపు వస్తే మాత్రం సభ్యులు వెళ్లి ఓటు వేసి వచ్చేదాకా ఆపాలి.

ప్రశ్న: చేనేత మీద అధ్యయనానికి ఒక పార్లమెంటు బృందం మా ప్రాంతానికి వస్తుందట. అనుకుంటున్న తేదీలు మంత్రాలయం ఆరాధన రోజుల్లో పడ్డాయి. చెబితే మారుస్తారా?
- చేనేత సహకార సంఘం సభ్యుడు, ఎమ్మిగనూరు

జవాబు: ఇది ఢిల్లీ సమావేశం లాంటిది కాదు, చెబితే ఫలితం ఉంటుంది. ఏర్పాట్లు చేసేది జిల్లా యంత్రాంగమే కాబట్టి వెంటనే కలెక్టరేట్‌కు రాయండి. రాఘవేంద్ర స్వామి ఆరాధన శ్రావణ బహుళ విదియ చుట్టూ ఏడు రోజుల ఉత్సవం. గదులు దొరకవు, పోలీసులంతా అక్కడి బందోబస్తులో ఉంటారు, ఎమ్మిగనూరు రోడ్డు వాహనాలతో నిండిపోతుంది. ఈ మూడూ రాసి, ఉత్సవం ముగిశాక రెండు తేదీలు సూచించండి. దసరా రోజు మాత్రం వద్దు, ఆ రాత్రి దేవరగట్టు బన్ని ఉత్సవానికి జిల్లా పోలీసు బలగం చాలావరకు అటే వెళ్తుంది.

పర్యటనలో బృందం అనధికారికంగానే కూర్చుంటుంది. అక్కడ సాక్ష్యం నమోదు చేయరు, నిర్ణయాలు తీసుకోరు. నోటితో చెప్పింది గాలికి పోకుండా నూలు ధర, కూలి, అమ్ముడుపోని నిల్వ లెక్కలు రెండు పేజీల్లో ఇంగ్లీషులోనో హిందీలోనో రాయించి, కమిటీ అధికారి చేతికే ఇవ్వండి. మగ్గాలు ఆడుతున్న వేళకే వాళ్లను పిలవండి.